రంగు తెలియని బాలుని దండింపవలదు

భూగోళపటమున అడవులకు ఆకుపచ్చరంగు వేయుమనఁగా మట్టిరంగు వేసిన యొక బాలుని, అశ్రద్ధగలవాఁడని యెంచి, నేనొకప్పుడు తరగతిలో నిలువఁబెట్టితిని. వాఁడు మాఱుపలుకక కన్నీరు విడిచెను. తప్పు వానిది కాదు, నాది. ఎఱుపు, ఆకుపచ్చ, మట్టిరంగులను వేఱుపఱుపలేని చూపు కొందఱికిఁ బుట్టుకతోనే యుండును.

ఇది బుద్ధిలోపము కాదు. పరమాణు సిద్ధాంతమును స్థాపించిన జాన్ డాల్టను పండితునికిని, ఆయన సోదరునికిని ఇట్టి చూపే యుండెను. డాల్టను 1794లో మాంచెస్టరు నగరమున దీనినిగూర్చి వ్యాసము చదివెను. ఆయనయు ఉపాధ్యాయుఁడే.

ఇది వంశమున దిగివచ్చు క్రమమును తెలిసికొనవలెను. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషునికి ఒక ఎక్స్, ఒక వై కలవు. ఎఱుపు, ఆకుపచ్చల నెఱిఁగించు జన్యువులు ఎక్స్‌నందున్నవి. స్త్రీకి ఒకదానియందు లోపమున్నను రెండవది ఆ కొఱఁత తీర్చును. పురుషునికి రెండవది లేదు. కావుననే ఉత్తర యూరోపు సంతతి పురుషులలో నూటికి సుమారు 8 మందికి ఇది యుండఁగా, స్త్రీలలో సుమారు 200 మందికి ఒకరికి మాత్రమే కలదు. తండ్రి కుమారునికి వై నిచ్చును గాని ఎక్స్ నీయఁడు. గనుక తండ్రి లోపము కుమార్తెలో దాఁగి మనుమనియందు బయలుపడవచ్చును. అట్టి తల్లికిఁ బుట్టు ప్రతి కుమారునికిని ఇది వచ్చుటకు సగము అవకాశము కలదు.

ఇంతమాత్రమునఁ దల్లిని నిందింపవచ్చునా? ఆమె తాను పొందినదానిని తెలియకయే యందించినది. ఏ ఎక్స్ ఏ బిడ్డకుఁ జేరునో యామె యెన్నుకొనలేదు. పుట్టుగ్రుడ్డివానినిగూర్చి, పాపము చేసినవా రెవరని శిష్యు లడిగినప్పుడు, ప్రభువు వానిమీఁదఁగాని వాని తలిదండ్రులమీఁదఁగాని దోషము మోపలేదు. మనము మోపుట తగునా?

కావున నా యభిప్రాయ మిది. పాఠశాలలోఁ జేరిన ప్రతి బాలుని, ప్రతి బాలికను, చుక్కలలో అంకెలు గల ఇషిహారా పటములతో ఒకసారి పరీక్షింపవలెను. పటములలో రంగుతోపాటు పేరును వ్రాయింపవలెను. రైలు నడుపుట మొదలగు కొన్ని యుద్యోగములకు వర్ణదృష్టి యావశ్యకము. ఆ ద్వారమువద్దకుఁ బోయి తిరిగివచ్చుటకంటె, బాల్యముననే తెలిసికొని వేఱుదారిఁ బట్టుట మేలుగదా! ఉపాధ్యాయులారా, బెత్తమునకు ముందు ప్రశ్న యడుగుఁడు. తలిదండ్రులారా, బిడ్డ చెప్పునది వినుఁడు.