మొదటి యూనిట్ ఖరీదు

బ్రిటన్‌లో ఒక మనిషి రోజంతా దీపం వెలిగించకపోయినా, హీటర్ వేసుకోకపోయినా ఆ రోజుకు కరెంటు బిల్లూ గ్యాస్ బిల్లూ పడతాయి. ఇంటికి తీగ, గొట్టం వచ్చి ఉన్నందుకు, గోడకు మీటరు ఉన్నందుకు రోజువారీగా కట్టే ఆ డబ్బును అక్కడ స్టాండింగ్ చార్జీ అంటారు. నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2025 జులై నుంచి సెప్టెంబర్ వరకు నిర్ణయించిన గరిష్ఠ ధరల్లో అది కరెంటుకు సగటున రోజుకు 51.37 పెన్స్, గ్యాస్‌కు 29.82 పెన్స్. ఆ లెక్కన రెండూ కలిపితే ఏడాదికి 296 పౌండ్లు. మన రూపాయల్లో 30 వేలు దాటుతుంది. ఒక్క యూనిట్ వాడకముందే కట్టవలసిన సొమ్ము ఇది.

పెద్ద కుటుంబానికి ఇది బిల్లులో ఒక చిన్న పద్దు. చిన్న ఫ్లాట్‌లో ఒంటరిగా, పింఛను మీద బతికే ముసలావిడకు అలా కాదు. ఆమె ఏడాదికి 800 యూనిట్ల కరెంటు వాడుతుందనుకుందాం. అదే త్రైమాసికపు ధర యూనిట్‌కు 25.73 పెన్స్. వాడకానికి అయ్యేది 206 పౌండ్లు, స్టాండింగ్ చార్జీ 187 పౌండ్లకు పైనే. మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే ఆమెకు ఒక్కో యూనిట్ 49 పెన్స్ పడింది. ఏడాదికి 5,000 యూనిట్లు వాడే పెద్ద ఇంటికి అదే లెక్క వేస్తే యూనిట్ 29 పెన్స్ చిల్లర. పొదుపుగా ఉన్న మనిషే యూనిట్‌కు ఎక్కువ కడుతోంది. చలికాలంలో ఒక గది మాత్రమే వెచ్చబెట్టుకుని, మిగతా ఇంటిని చలికి వదిలేసి ఆమె ఎంత పొదుపు చేసినా కరెంటు బిల్లులో దాదాపు సగం కదలదు.

తెలుగు పాఠకుడికి ఇది వింతగా తోచడం సహజం. మన దగ్గర శ్లాబుల పద్ధతి వేరే దారిలో నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం గృహ వినియోగదారుడికి మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున. 400 దాటితే యూనిట్ 9.75. తెలంగాణలో నెలకు వంద యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్ల ధర 1.95. దానిపైన 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల దాకా ఉచితం. మన పద్ధతిలో మొదటి యూనిట్ అన్నిటికన్నా చవక. బ్రిటన్‌లో మొదటి యూనిట్ అన్నిటికన్నా ఖరీదు.

అయితే స్టాండింగ్ చార్జీని ఒట్టి దోపిడీ అనడం న్యాయం కాదు. దాని వెనక ఒక పాత ఆలోచన ఉంది, ఆ ఆలోచనలో నిజమూ ఉంది. 1892లో జాన్ హాప్‌కిన్సన్ అనే ఇంజినీరు విద్యుత్ సరఫరా ఖర్చు మీద ఒక ప్రసంగం చేశాడు. కంపెనీ పెట్టే ఖర్చులో పెద్ద భాగం కరెంటు ఇచ్చినందుకు కాదని, అడిగిన క్షణాన ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నందుకని ఆయన వాదన. బొగ్గు వాడకాన్ని బట్టి తగ్గుతుంది, పెరుగుతుంది. యంత్రాలు, తీగలు, వాటిని కాచుకుని ఉండే మనుషులు మాత్రం ఎవరూ స్విచ్ వేయని రాత్రి కూడా ఉండాల్సిందే. కాబట్టి సిద్ధంగా ఉన్నందుకు ఒక రుసుము, వాడినందుకు వేరొకటి.

ఇక్కడ ఒక సంగతి తరచుగా మరుగున పడుతోంది. హాప్‌కిన్సన్ చెప్పిన రుసుము ఇంటింటికీ ఒకే మొత్తం కాదు. ఎవరు ఒకేసారి ఎంత ఎక్కువ కరెంటు లాగుతారో దాన్ని బట్టి ఉండాలన్నాడు. బ్రైటన్‌లో ఆర్థర్ రైట్ ఆ గరిష్ఠ వాడకాన్ని కొలిచే సాధనాన్ని తయారు చేసి, దాని ప్రకారమే ధరలు పెట్టాడు. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో బ్రిటన్‌లోని చాలా ఊళ్లలో ఇళ్ల టారిఫ్‌కు రెండు భాగాలుండేవి. అందులో స్థిరమైన భాగాన్ని ఇంటిపన్ను విలువను బట్టో, ఇంటి వైశాల్యాన్ని బట్టో నిర్ణయించేవారు. పెద్ద ఇల్లు ఎక్కువ కట్టేది, చిన్న ఇల్లు తక్కువ కట్టేది. గుమ్మానికి ఇంత అని అందరికీ ఒకటే కట్టడం మొదటి నుంచీ ఉన్న ధర్మమేమీ కాదు. అందుకే స్టాండింగ్ చార్జీ లేకపోతే వ్యవస్థ కూలుతుందని చెప్పేవారి మాట సగమే నమ్మాలి. ఖర్చు నిజం, దాన్ని పంచిన తీరు మాత్రం మనుషుల నిర్ణయం.

ఇటీవలి పెరుగుదల సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2022 ఏప్రిల్‌లో కరెంటు స్టాండింగ్ చార్జీ సగటున 25 పెన్స్ నుంచి ఒక్కసారిగా 45 పెన్స్‌కు వెళ్లింది. దానికి ముఖ్యంగా రెండు కారణాలు. 2021లో గ్యాస్ ధరలు మండిపోయినప్పుడు దాదాపు 30 సరఫరా కంపెనీలు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. వాటి ఖాతాదారులను వేరే కంపెనీలకు మార్చడానికి అయిన ఖర్చును మిగతా అందరి మీదా పంచారు. ఆ భారం 270 కోట్ల పౌండ్లని, ఒక్కో ఖాతాదారు మీద 94 పౌండ్లని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2022 జూన్‌లో లెక్కగట్టింది. బల్బ్ అనే పెద్ద కంపెనీ పతనానికైన ఖర్చు దీనికి అదనం. చేతిలో చాలినంత మూలధనం లేని కంపెనీలకు తలుపులు తెరిచింది ముసలావిడ కాదు. ఆ కంపెనీల ముఖం కూడా ఆమె చూసి ఉండదు. అయినా ఆమె వంతు ఆమె కట్టింది, పది గదుల ఇంటివారు కట్టినంతే కట్టింది.

రెండో కారణం, పంపిణీ నెట్‌వర్క్ ఖర్చులో కొంత భాగాన్ని యూనిట్ ధరలోంచి తీసి స్థిర చార్జీలోకి మార్చడం. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకున్నవారు గ్రిడ్ నుంచి తక్కువ యూనిట్లు తీసుకుంటారు, కానీ మబ్బు పట్టిన రోజున అదే తీగ మీద ఆధారపడతారు. యూనిట్ల మీదే నెట్‌వర్క్ ఖర్చు రాబడితే వారి వంతు సోలార్ పెట్టుకోలేని పేదల మీద పడుతుందన్నారు. ఆ మాటలో న్యాయముంది. కానీ అమలు చేసినప్పుడు దుకాణాలకు, ఫ్యాక్టరీలకు పరిమాణాన్ని బట్టి తరగతులు పెట్టి, ఇళ్లన్నిటికీ కలిపి ఒకే తరగతి పెట్టారు. వ్యాపారాల మధ్య చిన్నా పెద్దా తేడా గుర్తించిన కన్ను ఇళ్ల మధ్య గుర్తించలేదు. పైగా ప్రాంతాన్ని బట్టి కూడా చార్జీ మారుతుంది. లండన్‌లో తక్కువ, ఉత్తర వేల్స్, లివర్‌పూల్ చుట్టుపక్కల మెర్సీసైడ్‌లో చాలా ఎక్కువ.

అన్నిటికన్నా బాధ కలిగించేది ముందే డబ్బు వేసుకుని వాడుకునే ప్రీపేమెంట్ మీటర్ల సంగతి. వేసవిలో గ్యాస్ అక్కర్లేదని మీటరులో డబ్బు వేయని మనిషికి రోజూ స్టాండింగ్ చార్జీ బాకీగా పేరుకుంటుంది. మొదటి చలి రాత్రి పది పౌండ్లు వేస్తే అందులో కొంత ముందు పాత బాకీకి పోతుంది. వెచ్చదనం కోసం వేసిన డబ్బు, వెచ్చదనం వాడుకోని నెలల కింద జమ అవుతుంది. కట్టుకోలేక తనంతట తానే కనెక్షన్ లేకుండా ఉండిపోయే మనుషులు చలిదేశంలో ఎలా గడుపుతారో ఊహించడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు.

స్టాండింగ్ చార్జీ లేని టారిఫ్‌లు అక్కడ కొత్తవి కావు. 1990ల చివర్లో మొదలైన ఎబికో అనే లాభాపేక్ష లేని సంస్థ చాలాకాలం ఆ చార్జీ లేకుండా, ప్రీపేమెంట్ వాడేవారికీ బ్యాంకు ద్వారా కట్టేవారికీ ఒకే ధర పెట్టింది. యుటిలిటా అనే కంపెనీ మరో దారి పట్టింది. రోజువారీ చార్జీ తీసేసి, ప్రతి రోజూ మొదటి రెండు యూనిట్లకు ఎక్కువ ధర పెట్టింది. అంటే చార్జీ మొదటి యూనిట్లలో కలిసిపోయింది. కానీ ఏమీ వాడని రోజు ఏమీ పడదు, కొద్దిరోజులు ఇల్లు వదిలి వెళ్లినవారికి అదీ మేలే.

2023 నవంబర్‌లో ఆఫ్‌జెమ్ ఈ చార్జీల మీద ప్రజల అభిప్రాయం అడిగితే 30 వేలకు పైగా స్పందనలు వచ్చాయి. పొడిగా ఉండే ఇలాంటి విషయం మీద అంతమంది కలం పట్టడం మామూలు సంగతి కాదు. వినియోగదారుల తరఫున మాట్లాడే మార్టిన్ లూయిస్ వంటివారు ఏళ్లుగా పట్టుబట్టారు. 2025 ఫిబ్రవరిలో ఆఫ్‌జెమ్ స్టాండింగ్ చార్జీ అసలే లేని టారిఫ్‌ను కూడా కంపెనీలు ఇవ్వాలని ప్రతిపాదించింది. అదే ఏడాది సెప్టెంబర్‌కు అది ‘తక్కువ స్టాండింగ్ చార్జీ’ టారిఫ్‌గా మెత్తబడింది.

ఎందుకు మెత్తబడిందో అర్థం చేసుకోవాలంటే లెక్కను తిప్పి చూడాలి. ఉదాహరణకు ఒక కంపెనీ చార్జీ తీసేసి, యూనిట్‌కు 10 పెన్స్ పెంచిందనుకుందాం. ఇందాకటి 800 యూనిట్ల ముసలావిడకు ఏడాదికి 107 పౌండ్లు మిగులుతాయి. 2,700 యూనిట్లు వాడే సాధారణ ఇంటికి 82 పౌండ్లు నష్టం. రెండూ సమానమయ్యే చోటు దాదాపు 1,875 యూనిట్లు. దానికన్నా తక్కువ వాడేవారికే లాభం. కానీ తక్కువ వాడేవారంతా పేదలు కారు, పేదలంతా తక్కువ వాడరు. గ్యాస్ కనెక్షన్ లేక కరెంటు హీటర్ల మీదే చలికాలం గడిపే పేద కుటుంబం ఉంది. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం నడవాల్సిన రోగి ఉన్నాడు. వీళ్లకు యూనిట్ ధర పెరిగితే గుండె ఆగినంత పని. మరోవైపు సముద్రతీరంలో సెలవుల కోసం రెండో ఇల్లు కొనుక్కుని ఏడాదిలో కొన్ని వారాలే ఉండేవారూ తక్కువ వాడేవారే. చార్జీ ఎత్తేస్తే మొదట సంతోషించేది వాళ్లే.

అందుకే ఈ సమస్యను కేవలం ‘ఇష్టమైన టారిఫ్ ఎంచుకోండి’ అని వినియోగదారుడి ముందు పెట్టి ఊరుకోవడం మాకు సరైన పరిష్కారంగా అనిపించడం లేదు. తన ఏడాది వాడకం ఎంతో, ఏ గీత దగ్గర లాభం నష్టంగా మారుతుందో లెక్కవేసుకోగలిగినవారు మారతారు. ఎనభై ఏళ్ల మనిషి, ఇంగ్లిషు సరిగా రాని వలస కూలీ, అప్పుల్లో ఉండి కంపెనీ ఉత్తరం తెరవడానికే భయపడే తల్లి మారరు. మేలు ఎవరికి ఎక్కువ కావాలో వారికే అది అందదు. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ పన్ను కోసం ప్రతి ఇంటినీ విలువను బట్టి ఇప్పటికే ఎనిమిది తరగతులుగా విభజించారు. ఏది రెండో ఇల్లో కూడా ఆ లెక్కల్లో తెలుస్తుంది. స్టాండింగ్ చార్జీని ఆ తరగతుల ప్రకారం నిర్ణయిస్తే చిన్న ఇంటి మనిషి ఏ ఫారమూ నింపనక్కర్లేకుండానే ఊరట పొందుతుంది. ఆ కొలత దోషం లేనిదని అనలేం, పెద్ద పాత ఇంట్లో మిగిలిపోయిన పేద వృద్ధులూ ఉంటారు. అలాంటివారికీ, యంత్రాల మీద బతికే రోగులకూ 150 పౌండ్ల వార్మ్ హోమ్ డిస్కౌంట్ లాంటి నేరుగా అందే సాయం పెంచాలి. నెట్‌వర్క్ ఖర్చు ఎవరో ఒకరు కట్టాల్సిందే, కానీ అది మోయగలిగిన భుజం మీద పడాలి.

ఆ దేశంలోని తెలుగువారికి ఈ చర్చ పరాయిది కాదు. ఐదుగురు విద్యార్థులు కలిసి అద్దెకున్న ఇంట్లో, పైన చెప్పిన రెండు చార్జీలూ కలిపిన రోజువారీ 81 పెన్స్ ఐదు వాటాలవుతుంది. పక్క గుమ్మంలో ఒంటరి మనిషికి అది పూర్తిగా ఒక్కరి మీదే.

ఇక మన సంగతి. మన రెండు రాష్ట్రాల్లో ఇళ్లకు స్థిర చార్జీ ఇటీవలి టారిఫ్‌లలో కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలుగా ఉంటూ వచ్చింది. ఒక కిలోవాట్ ఇంటికి పది, ఐదు కిలోవాట్ల ఇంటికి యాభై. హాప్‌కిన్సన్ చెప్పిన దారికి బ్రిటన్ కన్నా మనమే దగ్గరగా ఉన్నాం. ఈ పద్ధతిని కాపాడుకోవాలి. ఎందుకంటే ఇక్కడా ఒత్తిడి రాబోతోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో కప్పుల మీద సోలార్ పెరుగుతుంది, డిస్కంలకు యూనిట్ల ఆదాయం తగ్గుతుంది. అప్పుడు స్థిర చార్జీ పెంచాలన్న మాట రాక తప్పదు. ఢిల్లీలో 2018లో రెండు కిలోవాట్ల లోపు ఇళ్లకు స్థిర చార్జీని కిలోవాట్‌కు 125 రూపాయలకు పెంచారు. నిరసన వచ్చాక 2019లో దాన్ని 20కి దించాల్సి వచ్చింది.

టారిఫ్ ప్రతిపాదనలు మన పత్రికల్లో ప్రకటనలుగా వస్తాయి. విద్యుత్ నియంత్రణ మండళ్లు అభ్యంతరాలు తీసుకుని బహిరంగ విచారణ జరుపుతాయి. యూనిట్ ధర పెరిగిందా లేదా అని మాత్రమే చూసి ఆ కాగితం పక్కన పెట్టకండి. స్థిర చార్జీ పద్దు వెతకండి. అది కిలోవాట్‌ను బట్టి ఉందా, గుమ్మానికి ఇంత అని ఉందా చూడండి. రెండోదైతే మండలికి ఒక ఉత్తరం రాయండి.