గోదావరిని కొలిచే తరగతి

ప్రభుత్వ బడుల్లో యంత్రాలు లేవని బాధపడే రోజులు చాలావరకు పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడులను బాగుచేసే నాడు–నేడు పథకం 2019 నవంబరులో మొదలైంది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు ఇచ్చారు. మరుసటి ఏడాది ఉన్నత పాఠశాలల గోడలకు ఐఎఫ్‌పీ (తాకితే పనిచేసే పెద్ద తెరల) ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. ఇదే కాలంలో ఉపాధ్యాయుల సొంత ఫోన్లలోకీ యాప్‌లు వచ్చి చేరాయి. మధ్యాహ్న భోజనం వివరాలు, మరుగుదొడ్ల ఫోటోలు, 2022 ఆగస్టు నుంచి ముఖం చూపించి వేసే హాజరు. ఈ హాజరు విషయంలో సంఘాలు ఆందోళనకు దిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తర్వాత ఆ భారం కొంత తగ్గింది, సంతోషం. అయినా ఇంత ఖర్చయ్యాక అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. ఈ సాంకేతికత వల్ల పాఠం చెప్పేవారికి తమ పని మీద ఇష్టం పెరిగిందా? పెరగలేదనే నా అభిప్రాయం. తరగతిలోకి వచ్చిన యంత్రం టీచరుకు బదులుగా పాఠం చెప్పింది, ఫోన్‌లోకి వచ్చిన యాప్ టీచరు పనిని లెక్కగట్టింది. రెండింటిలోనూ టీచరు ఆలోచనతో పని పడలేదు. అదే పరికరాన్ని పిల్లల చేతికిచ్చి, తమ ఊరి గురించి ఇంకా ఎవరూ జవాబు చెప్పని ఒక ప్రశ్న మీద పని చేయిస్తే చదువూ నిలుస్తుంది, చెప్పేవారిలో హుషారూ తిరిగొస్తుంది. అందుకు గోదావరి జిల్లాల కంటే అనువైన చోటు దొరకడం కష్టం.

ఉపాధ్యాయుల నిరుత్సాహానికి బదిలీలు, బోధనేతర పనులు, ఖాళీ పోస్టులు కారణాలని ఎప్పుడూ చెప్పుకుంటాం. అవన్నీ నిజమే. ఎక్కువగా చర్చకు రాని కారణం మరొకటుంది. సర్వీసు పొడవునా అవే పాఠాలు చెప్పే స్కూల్ అసిస్టెంటుకు ప్రతి ప్రశ్నకూ జవాబు ముందే తెలుసు, పిల్లలు చెప్పబోయే తప్పు జవాబు కూడా తెలుసు. తెలిసిన జవాబునే ఏటా రాబట్టడం ఎంత ఇష్టపడి ఈ వృత్తిలోకి వచ్చినవారికైనా విసుగు పుట్టిస్తుంది. ప్యానెల్ మీద రంగుల వీడియో వేసినా ఆ విసుగు పోదు, ఆ వీడియో కూడా నాలుగోసారికి పాతబడుతుంది. పిల్లలు బయటినుంచి కొలిచి తెచ్చిన అంకె మాత్రం టీచరుకు కూడా కొత్తది. అది సరైనదో కాదో వాళ్లతో కూర్చుని తేల్చాలి. తాను చదువుకున్న భౌతికశాస్త్రం, గణితం అప్పుడు మళ్లీ అక్కరకొస్తాయి.

ఒక్క ఉదాహరణ తీసుకుని కాస్త దగ్గరగా చూద్దాం. పి.గన్నవరం, ముమ్మిడివరం, యలమంచిలి మండలాల లంక గ్రామాలకు వరద కొత్త కాదు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగింది. 2022లో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు మించి సముద్రంలోకి వదిలారు. ఈ అంకెలన్నీ టీవీలో, వాట్సాప్‌లో గంటగంటకూ తిరుగుతుంటాయి. లంకలో ఉన్న కుటుంబానికి కావలసింది వేరు. ధవళేశ్వరంలో ఫలానా హెచ్చరిక ఇచ్చాక ఎన్ని గంటలకు మా కాజ్‌వే మీదికి నీరొస్తుంది? మా వీధిలోకి ఎప్పుడొస్తుంది? ఈ జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని కనిపెట్టగలరు. వానాకాలానికి ముందే పెద్దల సాయంతో రేవు దగ్గర ఒక స్తంభానికి అడుగులు, అంగుళాలు రంగుతో గీయాలి. పాత వరదల గుర్తులు ఏ గోడ మీద ఎంత ఎత్తున ఉన్నాయో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, టేపుతో కొలిచి, ఫోన్‌లో ఫోటో తీసి, ఆ చోటును మ్యాప్‌లో గుర్తించాలి. వరద రోజుల్లో భద్రాచలం మట్టం, ధవళేశ్వరం ప్రవాహం, తమ స్తంభం మీది అడుగులు, మూడింటినీ వేళతో సహా ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాలి. వరదలో పిల్లలెవరూ ఏటిగట్టు దిగకూడదు, దీనికి మినహాయింపు లేదు. స్తంభాన్ని దూరం నుంచే ఫోన్‌లో జూమ్ చేసి పెద్దవాళ్లు ఫోటో తీసి పంపితే చాలు.

వరద తీశాక అసలు చదువు మొదలవుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. అంటే మొదటి హెచ్చరిక నాడు సెకనుకు 2 కోట్ల 83 లక్షల లీటర్ల నీరు బ్యారేజీ దాటుతోందన్న మాట. ఈ లెక్క కట్టిన పిల్లకు ప్రమాణాల మార్పిడి గురించి వేరే పాఠం చెప్పనక్కర్లేదు. రెండు చలరాశుల రేఖీయ సమీకరణాలు తొమ్మిదో తరగతిలోనే ఉన్నాయి. ధవళేశ్వరం ప్రవాహాన్ని ఒక అక్షం మీద, ఊరి స్తంభం మట్టాన్ని మరో అక్షం మీద పెట్టి గ్రాఫు గీస్తే బిందువులు బుద్ధిగా ఒకే గీత మీద కూర్చోవు. ఎందుకు కూర్చోవు? ఫోటోలో అంకె తప్పుగా చదివామా? సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కొలిచామా? ప్రవాహం పెరుగుతున్నప్పుడూ తగ్గుతున్నప్పుడూ మట్టం ఒకేలా ఉండదా? ఈ ప్రశ్నల దగ్గర లెక్కల మాస్టారికీ సోషల్ టీచరుకూ కూడా జవాబు సిద్ధంగా ఉండదు. స్టాఫ్ రూములో ఇద్దరూ మాట్లాడుకోవలసి వస్తుంది. ఆ మాటల్లో ఉండే చురుకు ఏ శిక్షణ తరగతిలోనూ రాదు.

ఇలాంటి ప్రశ్నలు డెల్టాలో అడుగడుక్కీ దొరుకుతాయి. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టులో కాలువ తల దగ్గర నీటికీ శివారున నీటికీ ఉప్పు తేడా ఎంత ఉందో చిన్న టీడీఎస్ మీటరు చెబుతుంది. భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో, ఏరియేటర్లు ఎందుకు తిప్పుతారో ఆ పిల్లల్లో చాలామందికి ఇంట్లోనే తెలుసు. కిరణజన్య సంయోగక్రియ పాఠానికి అంతకు మించిన ప్రవేశిక ఏముంటుంది? 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు మురుగు కాలువల పూడిక కూడా వారి ఫిర్యాదుల్లో ఒకటి. ఆ కాలువలు ఎక్కడెక్కడ పూడాయో ఫోటోలతో మ్యాపు గీయడం ఎనిమిదో తరగతికి మించిన పని కాదు.

దీనికి ఆధారాలేమిటని అడగడం న్యాయమే. 2015లో ఓఈసీడీ వెలువరించిన నివేదిక, బడుల్లో కంప్యూటర్లపై భారీగా ఖర్చు చేసిన దేశాల్లో అంతర్జాతీయ పీసా పరీక్షల ఫలితాలు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని తేల్చింది. పెరూలో ప్రతి పిల్లవాడికీ ల్యాప్‌టాప్ ఇచ్చిన పథకాన్ని మూడు వందలకు పైగా గ్రామీణ పాఠశాలల్లో పరిశీలిస్తే గణితంలో, భాషలో మార్పు కనిపించలేదు. పరికరం పంచడంతో పని అయిపోదని ఈ రెండూ చెబుతున్నాయి. ప్రాజెక్టుల పద్ధతికి అనుకూలమైన సాక్ష్యం అమెరికా నుంచి 2021లో వచ్చింది. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులను ఏడాది పొడవునా ప్రాజెక్టుల ద్వారా చదివినవారిలో పరీక్ష గట్టెక్కినవారి శాతం, మామూలుగా చదివినవారి కంటే సుమారు 8 పాయింట్లు ఎక్కువగా ఉంది. మనకు మరింత దగ్గరి అనుభవం హోషంగాబాద్‌ది. 1972లో మధ్యప్రదేశ్‌లో 16 బడులతో మొదలైన ఆ సైన్స్ కార్యక్రమం సుమారు వెయ్యి బడులకు పాకింది. పిల్లలు జట్లుగా ప్రయోగాలు చేసేవారు, పుస్తకం తెరిచిపెట్టి పరీక్ష రాసేవారు. ఉపాధ్యాయులు నెలకోసారి కలిసి, తరగతిలో ఎదురైన చిక్కుల గురించి చర్చించేవారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. అయినా ముప్ఫై ఏళ్లపాటు సాధారణ ప్రభుత్వ బడుల టీచర్లే దాన్ని నడిపించారన్నది చిన్న విషయం కాదు. వారిని నిలబెట్టినవాటిలో ఆ నెలవారీ సమావేశాలది పెద్ద పాత్ర అని నేను నమ్ముతాను.

ప్రాజెక్టు అనగానే మన తల్లిదండ్రులకు గుర్తొచ్చేది థర్మాకోల్, చార్టులు, నెట్ సెంటర్‌లో ప్రింటు తీసిన నాలుగు కాగితాలు. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టుకు 10 మార్కులు పెట్టాక గైడ్లలో అవి కూడా రెడీమేడ్‌గా వచ్చేశాయి. ఈ విమర్శను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రాష్ట్రమంతటికీ ఒకే ప్రశ్న ఇస్తే జవాబు బజార్లో దొరుకుతుంది. మన ఊరి రేవు స్తంభం మీది కొలత ఏ దుకాణంలోనూ దొరకదు. కాబట్టి ఈ విమర్శ నకలు ప్రాజెక్టులకే తగులుతుంది, స్థానిక ప్రశ్నకు తగలదు. చిల్డ్రన్స్ సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి ఇలాంటి స్థానిక పరిశోధనలనే అడుగుతోంది, మన రాష్ట్రంలో జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు అందులో ఎంతో శ్రమించాయి. లోపం ఒక్కటే, అక్కడికి బడికి ఇద్దరు ముగ్గురు పిల్లలే వెళ్తారు. తరగతి మొత్తానికీ ఆ అవకాశం రావాలి.

చదవడం, కూడికలు తీసివేతలే రాని పిల్లలకు ప్రాజెక్టులెందుకన్నది ఇంకా బలమైన అభ్యంతరం. పునాది నేర్పడంలో సాఫ్ట్‌వేర్ సాయపడుతుందనడానికి రుజువుంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌పై జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనంలో, పిల్లవాడి స్థాయిని బట్టి అభ్యాసాలిచ్చిన కేంద్రాల్లో నాలుగున్నర నెలల్లోనే గణితంలో మంచి ప్రగతి కనిపించింది. దాన్ని వాడుకోవాలి. కానీ అది రోజులో కొంతసేపు చేసే సాధన మాత్రమే. వెనకబడిన పిల్లలకు సాధన, చురుకైనవారికి ప్రాజెక్టు అని విడగొడితే అన్యాయం. కాలువ దగ్గర మీటరు చూసి అంకె చెప్పే పిల్లవాడికి దశాంశం అవసరం అక్కడే తెలిసొస్తుంది.

పదో తరగతి సంగతి? 20 అంతర్గత మార్కులను 2019లో రద్దు చేశారు, బడులన్నీ రాత పరీక్ష వైపే చూస్తున్నాయి. పదో తరగతి జోలికి పోనక్కర్లేదు. ఆరు నుంచి తొమ్మిది వరకు వారానికి రెండు పీరియడ్లు చాలు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదిలో పది రోజులు పుస్తకాల సంచి లేని చదువు ఉండాలని చెప్పనే చెప్పింది. ఖర్చు కూడా అడ్డంకి కాదు. అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు ఇచ్చే 20 లక్షల రూపాయల్లో వెయ్యో వంతు ఉన్నా మీటరు, టేపు, రంగు డబ్బా వస్తాయి.

పిల్లల చేతికి ఫోనా అని ఉలిక్కిపడేవారికి 2024 అసర్ నివేదిక చూపాలి. దేశంలో గ్రామీణ ప్రాంతాల్లో 14–16 ఏళ్లవారిలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వారిలో అంతకుముందు వారంలో సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం, చదువుకు వాడినవారు 57 శాతం. ఫోన్ ఇప్పటికే వాళ్ల చేతిలో ఉంది. దాన్ని కొలిచే పరికరంగా వాడటం నేర్పగలిగేది బడి ఒక్కటే. జట్టుకు ఒక్క ఫోన్, అదీ టీచరు ఎదుట, పని అయ్యేంతవరకే.

మన టీచర్లకు కొత్త సాంకేతికత అలవాటు కాదనే మాటను మాత్రం గోదావరి గడ్డ మీద ఎవరూ అనకూడదు. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బడిపంతులుగా ఉంటూనే 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి, తర్వాత రాజమండ్రిలో సొంత అచ్చుయంత్రం పెట్టారు. ఆ రోజుల్లో కొత్త సాంకేతికత అంటే అదే. టీచర్లకు లేనిది నేర్పు కాదు, సమయం. నేను తేలిగ్గా తీసుకోలేని అభ్యంతరం ఇదొక్కటే. ఉన్న పనుల మీద ప్రాజెక్టును మరో రిపోర్టుగా, మరో అప్‌లోడ్‌గా పెడితే అది కూడా చచ్చుబడుతుంది.

అందుకే విద్యాశాఖకు నా విన్నపం రెండు మాటల్లో చెబుతాను. ప్రాజెక్టు చేపట్టిన టీచరుకు ఒక యాప్ పని తగ్గించండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూటను సర్క్యులర్లకు కాకుండా, పిల్లలు తెచ్చిన కొలతల మీద టీచర్లు వాదించుకోవడానికి వదలండి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. అలా బడుల్లో అడుగుపెట్టిన కొత్త తరానికి మొదటి ఏడాదే ఈ అలవాటు చేయవచ్చు. బడులు జూన్ 12న తెరుస్తారు, గోదావరికి ఎర్రనీరు జూలైలో వస్తుంది. స్తంభానికి రంగు వేయడానికి ఆ నెల సరిపోతుంది. కోనసీమలో ఒక మండలం, పశ్చిమ గోదావరిలో ఒక మండలం ఎంచుకుని ఈ ఏడాదే మొదలుపెట్టండి.