బండి పోయిన వారంలోగా మళ్లీ బండి రావాలి

పాల ఏజెంటుకు పండగ పూట కూడా సెలవుండదు. తెల్లవారి నాలుగింటికల్లా ట్రేలు బండికెక్కించి, ఆరున్నరలోగా కిరాణా కొట్లకూ టీ కొట్లకూ హోటళ్లకూ వేసెయ్యాలి. ఒక పూట బండి రాకపోతే కొట్టాయన ఫోన్ చేసి కనుక్కుంటాడు. మర్నాడూ రాకపోతే పక్క వీధి ఏజెంటుకు ఫోన్ చేస్తాడు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు వేసేవాళ్లకూ, కొరియర్ ఫ్రాంచైజీ నడిపేవాళ్లకూ, టాటా ఏస్ ఒకటి పెట్టుకుని హోల్‌సేల్ మార్కెట్ నుంచి సరుకు దించేవాళ్లకూ ఇదే లెక్క. రాత్రి ఇంటి ముందు పెట్టిన బండి తెల్లారేసరికి కనిపించకపోతే, ఖాతాదారులు జారిపోకుండా నిలబెట్టుకోవడానికి వీళ్లకు దొరికే గడువు రెండు మూడు రోజులు. పోలీసు, బీమా, బ్యాంకు వ్యవస్థలు ఈ వ్యవహారం తేల్చడానికి తీసుకునేది నెలలు. ఆ నడుమ కాలాన్ని దాటించే రుణం ఒకటి తప్పనిసరిగా ఉండాలి. దానికి కావలసిన డబ్బూ చట్టమూ యంత్రాంగమూ ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఒకచోట కూర్చే పూచీ మాత్రం ఎవరూ తీసుకోలేదు.

చోరీ జరిగిన రోజు చేయాల్సిన పని స్పష్టమే. వెంటనే ఎఫ్‌ఐఆర్ పెట్టించాలి. బీమా కంపెనీకి, ఫైనాన్స్ ఇచ్చిన సంస్థకు, రవాణా శాఖ కార్యాలయానికి తెలియజేయాలి. ఇదంతా ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అసలు నిరీక్షణ ఆ తర్వాతే మొదలు. వెతికినా వాహనం ఆచూకీ దొరకలేదని పోలీసులు కోర్టుకు తుది నివేదిక ఇవ్వాలి. దాని నకలు చేతికొచ్చేదాకా బీమా కంపెనీలో ఫైలు కదలదు. ఆ ఫైలులో ఆర్సీ, పాలసీ, ఎఫ్‌ఐఆర్ నకలు, సంతకాలు చేసిన బదిలీ ఫారాలు, ఫైనాన్స్ సంస్థ లేఖ ఉండాలి. బండి కొన్నప్పుడు షోరూమ్ వాళ్లిచ్చిన రెండు తాళంచెవులూ ఉండాలి. రెండో తాళంచెవి ఎప్పుడో పోగొట్టుకున్నవాడికి అక్కడే సంజాయిషీలు మొదలవుతాయి.

ఈలోగా కిస్తీ ఆగదు. బండి ఉన్నా పోయినా నెల తిరిగేసరికి ఖాతాలోంచి డబ్బు వెళ్లాల్సిందే. లేకపోతే చెక్ బౌన్స్ చార్జీలు, జరిమానా, సిబిల్ స్కోరు మీద మచ్చ. బకాయి 90 రోజులు దాటితే ఆ ఖాతా మొండి బాకీల జాబితాలోకి పోతుంది. అప్పుడు కొత్త బండికి అప్పు అడగడానికి ఏ బ్యాంకు మెట్లెక్కినా పాత ఖాతా చూపించి వెనక్కి పంపేస్తారు. పూచీకత్తు లేకుండా సరుకు రవాణా వాహనాలకూ అప్పులివ్వమన్న ముద్ర పథకం 2015 నుంచి ఉంది. అందులో కిశోర్ విభాగం కింద రూ.5 లక్షల దాకా తీసుకోవచ్చు. చిన్న ట్రాలీ ఆటోకు అది సరిపోతుంది. కానీ చోరీ కారణంగా కిస్తీలు తప్పినవాడిని, ఎగ్గొట్టినవాడిని వేరుచేసి చూసే ఏర్పాటు బ్యాంకు కౌంటర్ దగ్గర లేదు.

ఒక మామూలు లెక్క వేసి చూడవచ్చు. రూ.3 లక్షల ట్రాలీ ఆటోను రూ.2.7 లక్షల అప్పుతో, 14 శాతం వడ్డీకి, నాలుగేళ్ల గడువుతో కొన్నారనుకుందాం. కిస్తీ నెలకు సుమారు రూ.7,400. రెండున్నరేళ్లు సక్రమంగా కట్టాక బండి పోయింది. అప్పటికి మిగిలిన అసలు దాదాపు రూ.1.2 లక్షలు. మూడో ఏడాది నడుస్తున్న వాహనానికి 30 శాతం తరుగుదల తీసేస్తారు కాబట్టి బీమా విలువ, అంటే పాలసీ మీద ఐడీవీ అని రాసే మొత్తం, రూ.2.1 లక్షలు. క్లెయిమ్ డబ్బులో ఫైనాన్స్ సంస్థ తన బాకీ ముందుగా తీసుకుంటుంది. చిన్నచిన్న కోతలు పక్కనపెడితే యజమానికి రూ.90 వేలు మిగులుతాయి. కొత్త బండి డౌన్‌పేమెంట్‌కు అది చాలు, ఇంకా మిగులుతుంది కూడా.

ఆ రూ.90 వేలు మొదటి వారంలో వస్తే వ్యాపారం నిలబడుతుంది. మూడు నెలల తర్వాత వస్తే కథ వేరు. రోజుకు ఖర్చులు పోను రూ.700 మిగిలే వ్యాపారమైతే ఆ మూడు నెలల్లో కోల్పోయిన ఆదాయమే రూ.63 వేలు. కిస్తీలు, ఇంటి ఖర్చు, పోయిన ఖాతాలు అదనం. చెక్కు చేతికొచ్చేసరికి అది పాత అప్పులు తీర్చుకోవడానికే సరిపోతుంది.

అందుకే చాలామంది ముందు ఇంట్లో బంగారం తీస్తారు. బంగారం ఉన్నవాళ్ల సంగతి కొంత నయం. రూ.2.5 లక్షల లోపు బంగారు రుణాలకు విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు సడలించింది. అది కూడా లేనివాళ్లు నూటికి మూడు రూపాయలకో ఐదు రూపాయలకో వడ్డీ వ్యాపారిని ఆశ్రయిస్తారు, లేదా రోజువారీ ఫైనాన్స్ తీసుకుంటారు. నూటికి ఐదు అంటే ఏడాదికి 60 శాతం. అవసరంలో ఉన్నవాడికి ఇలాంటి అప్పు ఏ గతి పట్టిస్తుందో 2015 చివర్లో విజయవాడలో బయటపడిన కాల్ మనీ ఉదంతం రాష్ట్రమంతటికీ చూపించింది.

బీమా ఉందని ధీమాగా ఉన్నవాళ్లలోనూ కొందరికి చోరీ రోజునే అసలు విషయం తెలుస్తుంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైంది. పాలసీ మీద ఐదేళ్ల తేదీ చూసి బండికి ఐదేళ్లూ రక్షణ ఉందనుకుంటారు. థర్డ్ పార్టీ బీమా ఎదుటివారికి జరిగిన నష్టానికే వర్తిస్తుంది. చోరీకి పైసా రాదు. చోరీకి పరిహారం ఇచ్చే సొంత నష్టం భాగాన్ని సాధారణంగా ఏటా పునరుద్ధరించుకోవాలి. అప్పు తీరిపోయాక ప్రీమియం తగ్గుతుందని ఫుల్ ఇన్సూరెన్స్ మానేసి థర్డ్ పార్టీతో సరిపెట్టుకునేవాళ్లూ ఉంటారు. సొంత వాడకం పాలసీ మీద డెలివరీలు తిప్పేవాళ్లది మరో చిక్కు. పాలసీ షరతు తప్పారని కంపెనీ మొండికేస్తుంది. అద్దెకు తిప్పుతున్న ప్రైవేటు వాహనం చోరీ అయిన ఒక కేసులో, చోరీకీ వాడకానికీ సంబంధం లేదంటూ 75 శాతం చెల్లింపును సుప్రీంకోర్టు 2008లో సమర్థించింది. తీర్పు మంచిదే, కానీ పాల ఏజెంటు సుప్రీంకోర్టు దాకా వెళ్లలేడు.

వెళ్లినవాళ్లకు ఎంతకాలం పట్టిందో కూడా చూడాలి. ఒక ట్రాక్టర్ 2010 అక్టోబర్‌లో చోరీ అయింది. ఎఫ్‌ఐఆర్ అదే రోజు నమోదైంది. బీమా కంపెనీకి 52 రోజులు ఆలస్యంగా చెప్పారని క్లెయిమ్ తిరస్కరించారు. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసినప్పుడు కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది 2020 జనవరిలో. 2007లో దోపిడీకి గురైన ఓ లారీ విషయంలో ఇదే న్యాయం 2022లో దక్కింది. ఇన్నేళ్లు ఆగగలిగే చిన్న వ్యాపారి ఎవరున్నారు?

ప్రభుత్వాలు తలుచుకుంటే వేగంగా పని జరుగుతుందనడానికి దూరం వెళ్లక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు వేలాది బైకులు, ఆటోలు నీళ్లపాలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బ్యాంకర్లను, బీమా కంపెనీలను పిలిచి కూర్చోబెట్టింది. క్లెయిముల కోసం నగరంలోనే ప్రత్యేక కేంద్రం పెట్టించింది. అప్పుల గడువు పెంచమని బ్యాంకులను కోరింది. దెబ్బతిన్న బైకులకు రూ.3 వేలు, ఆటోలకు రూ.10 వేల చొప్పున సాయం ప్రకటించింది. ప్రకృతి విపత్తులప్పుడు అప్పులు పునర్‌వ్యవస్థీకరించడానికి రిజర్వ్ బ్యాంక్ మార్గదర్శకాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వరదలో వాహనం పోయినా, దొంగ ఎత్తుకెళ్లినా ఆ ఇంట్లో ఆగిపోయేది ఒకే సంపాదన. చోరీ ఒక్కొక్కరికే జరుగుతుంది కాబట్టి ఎవరికీ కనిపించదు, అంతే తేడా.

చేయాల్సిన మొదటి పని అప్పిచ్చిన సంస్థ చేతిలోనే ఉంది. పాత బండి మీద హైపోథికేషన్ ఉన్న బ్యాంకుకు ఆ ఖాతాదారు కిస్తీలు ఎలా కట్టాడో తెలుసు. రాబోయే క్లెయిమ్ డబ్బు మీద మొదటి హక్కూ దానిదే. ఏడాదికి తగ్గకుండా సక్రమంగా కట్టినవారికి, ఎఫ్‌ఐఆర్ అందిన వారంలోగా కొత్త వాహనానికి అప్పు మంజూరు చేయాలి. యజమానికి రావాల్సిన వాటాలో 70 శాతం దాకా డౌన్‌పేమెంట్ కింద ముందే సర్దాలి. పాత అప్పు కిస్తీలు క్లెయిమ్ తేలేదాకా, గరిష్ఠంగా ఆరు నెలలు ఆపి, ఆ ఖాతాను బకాయిగా చూపకూడదు. పైన వేసిన లెక్కలో యజమాని వాటా రూ.90 వేలు. అందులో 70 శాతం అంటే రూ.63 వేలు. దానికి 14 శాతం చొప్పున మూడు నెలల వడ్డీ సుమారు రూ.2,200. రోజువారీ ఫైనాన్స్ వాడికి కట్టేదానితో పోలిస్తే ఇది ఎంత?

రెండోది పోలీసుల వంతు. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఇచ్చి, మూడు రోజుల్లో సంతకం చేస్తే చాలు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలని కూడా అదే చట్టం అంటోంది. జీవనాధారమైన సరుకు వాహనాల విషయంలో ఆచూకీ దొరకలేదన్న నివేదికకు 30 రోజుల గడువు పెట్టాలి. ఢిల్లీ పోలీసులు వాహన చోరీలకు ఆన్‌లైన్ ఎఫ్‌ఐఆర్ 2015లోనే తెచ్చారు. పోయిన ఫోన్లను సీఈఐఆర్ పోర్టల్ ద్వారా వెతికి తిరిగివ్వడంలో దేశంలో ముందువరుసలో నిలిచిన తెలంగాణ పోలీసులకు ఇది అసాధ్యం కాదు.

క్లెయిమ్ తేలకముందే ఇలా అప్పు ఇస్తే దొంగ చోరీలు పెరుగుతాయని బీమా కంపెనీలు అంటాయి. ఆ భయాన్ని తీసిపారేయలేం. బండి అమ్మేసి పోయిందని కేసు పెట్టినవాళ్లూ ఉన్నారు. అందుకే మంచి చెల్లింపు చరిత్ర ఉన్నవారికే, ఒకసారికే, క్లెయిమ్‌లో కొంత భాగానికే అని షరతు పెట్టాలి. తక్కువ ధర జీపీఎస్ ట్రాకర్ అమర్చుకున్నవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. పాత బండి తర్వాత దొరికితే దాన్ని ఏం చేయాలో ఒప్పందంలోనే రాసుకోవాలి. కొందరు మోసం చేస్తారని నిజంగా నష్టపోయినవారందరినీ నెలల తరబడి నిలబెట్టడం అన్యాయం.

ఈ మార్పులు వచ్చేదాకా చిన్న వ్యాపారులు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పాలసీ తీసి, సొంత నష్టం భాగం గడువు ఎప్పటిదాకా ఉందో ఈ రోజే చూసుకోవాలి. డెలివరీకి తిప్పే బండికి ఆ వాడకానికి తగిన పాలసీయే తీసుకోవాలి. రెండో తాళంచెవి ఇంట్లో భద్రంగా ఉంచాలి. ఆర్సీ, పాలసీ ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోవాలి. చోరీ జరిగితే అదే రోజు ఎఫ్‌ఐఆర్‌తో పాటు బ్యాంకుకూ రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోవాలి.

రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మూడు నెలలకోసారి సమావేశమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని యూనియన్ బ్యాంక్, తెలంగాణలో ఎస్‌బీఐ నిర్వహిస్తున్నాయి. పంట రుణాలు, స్వయం సహాయక సంఘాల రుణాలు అక్కడ లెక్కకొస్తాయి. వచ్చే సమావేశం ఎజెండాలో చోరీ బాధితుల వాహన రుణాన్ని కూడా ఒక అంశంగా చేర్చాలి. పోలీసు, రవాణా శాఖలను, బీమా కంపెనీలను ఆ రోజు పిలిపించాలి. ముందుగా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నగరంలో, విజయవాడలోనూ వరంగల్‌లోనూ, ఆరు నెలలు ప్రయోగాత్మకంగా అమలు చేసి చూడాలి. ఎఫ్‌ఐఆర్ నుంచి కొత్త బండి రోడ్డెక్కేదాకా ఎన్ని రోజులు పట్టిందో, ఎన్ని అప్పులు సక్రమంగా తిరిగి వచ్చాయో తర్వాతి సమావేశంలో ప్రజల ముందు పెట్టాలి.