అంద్రెయ పేరు పెట్టుకున్న ఊరు



ఈ నెల మన యాత్రా శీర్షికలో స్కాట్లాండ్ దేశపు తూర్పు తీరాన ఉన్న సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న పట్టణానికి వెళ్దాం. యేసుప్రభువు శిష్యుడైన అంద్రెయ పేరే ఈ ఊరి పేరు. ఆ అపొస్తలుని ఎముకలు కొన్నింటిని రూల్ అనే సన్యాసి ఓడలో ఇక్కడికి తెచ్చాడని పూర్వం ఒక కథ ఉండేది. ఆ కథను నమ్మి మధ్యయుగాల్లో యాత్రికులు దూరదేశాల నుండి నడిచి వచ్చేవారు. కథ మాట ఎలా ఉన్నా, జాలరియైన అంద్రెయ పేరు ఒక పడవల రేవుకు తగినదే. నేటికీ ఆ రేవులో పీతలు, లాబ్‌స్టర్ అనే పెద్ద రొయ్యలు పట్టే పడవలు కనబడతాయి.

మన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఎడిన్‌బరో, గ్లాస్గో, డండీ నగరాలకు చదువుకోసం వెళ్తున్నారు. వారిని చూడబోయే తల్లిదండ్రులకు ఒక రోజు తీరిక దొరికితే ఈ ఊరు చూడవచ్చు. ఎడిన్‌బరోలో రైలెక్కితే సుమారు గంటలో లూకర్స్ స్టేషను వస్తుంది. సెయింట్ ఆండ్రూస్‌కు 1969 నుండి రైలు లేదు గనుక అక్కడ దిగి బస్సెక్కాలి. దూరం 8 కిలోమీటర్లే. జూన్ నెలలో రాత్రి పది గంటలదాకా వెలుతురు ఉంటుంది. అయినా సముద్రపు గాలి చల్లగా కోస్తుంది కాబట్టి వేసవిలోనైనా స్వెట్టరు వెంట ఉండాలి. ఊరంతా కాలినడకనే తిరగవచ్చు.

కూలిన మహాదేవాలయం

ముందుగా తూర్పు కొసన ఉన్న కెథెడ్రల్ శిథిలాల దగ్గరకు వెళ్దాం. ఈ దేవాలయాన్ని కట్టడం 1158లో మొదలుపెట్టారు. నూట అరవై ఏళ్ళ తర్వాత 1318లో, రాజైన రాబర్ట్ బ్రూస్ సమక్షంలో దానిని ప్రతిష్ఠించారు. సుమారు 119 మీటర్ల పొడవుతో ఒకప్పుడు స్కాట్లాండ్‌లోకెల్లా పెద్ద దేవాలయం ఇదే. నేడు పైకప్పు లేదు. రెండు కొసల గోడలు, మధ్య పచ్చగడ్డి, చుట్టూ సమాధులు, పక్కనే 33 మీటర్ల ఎత్తున్న సెయింట్ రూల్ గోపురం మాత్రం మిగిలాయి. స్కాట్లాండ్ సంఘ చరిత్రలో పేరెన్నికగన్న దైవజనుడు శామ్యూల్ రూథర్‌ఫర్డ్ సమాధి ఈ ఆవరణలోనే ఉంది. ఆయన 1661లో ప్రభువునందు నిద్రించాడు.

ఈ దేవాలయాన్ని పరాయి శత్రువులు కూల్చలేదు. 1559 జూన్‌లో జాన్ నాక్స్ ఈ ఊరి హోలీ ట్రినిటీ దేవాలయంలో, ప్రభువు యెరూషలేము దేవాలయాన్ని శుద్ధి చేసిన సంగతిని గూర్చి ప్రసంగించాడు. విన్నవారు లేచిపోయి విగ్రహాలను, బలిపీఠాలను పగలగొట్టారు. తర్వాత దేవాలయాన్ని పట్టించుకున్నవారు లేరు. కప్పు పడిపోయింది. ఊరివారు ఇళ్ళ నిర్మాణానికి రాళ్ళు తీసుకుపోయారు. ఈ వీధుల్లోని పాత గోడలు చూసేటప్పుడు అందులో గుడిరాళ్ళు కూడా ఉంటాయని జ్ఞాపకముంచుకోవాలి.

నేలమీద రెండు అక్షరాలు

అక్కడినుండి నార్త్ స్ట్రీట్‌కు వస్తే సెయింట్ సాల్వేటర్ కళాశాల ద్వారం కనబడుతుంది. ఈ కళాశాలను 1450లో స్థాపించారు. ఇది 1413లో పోపు శాసనం పొందిన సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో భాగం. స్కాట్లాండ్‌లో ఇంతకంటే పాత విశ్వవిద్యాలయం లేదు. ద్వారం ముందు నేలలో పరచిన రాళ్ళతో పి, హెచ్ అనే రెండు ఆంగ్ల అక్షరాలు పొదిగి ఉన్నాయి. అవి పాట్రిక్ హామిల్టన్ పేరులోని మొదటి అక్షరాలు.

ఈ యువకుడు ఐరోపాలో చదివి, లూథర్ బోధను హృదయంలో పెట్టుకొని తిరిగివచ్చి, కృపచేత విశ్వాసం ద్వారానే రక్షణ అని ప్రకటించాడు. 1528 ఫిబ్రవరి 29న ఇదే స్థలంలో అతన్ని సజీవంగా దహనం చేశారు. అప్పటికతని వయస్సు సుమారు 24 ఏళ్ళు. మంట సరిగా అంటుకోక ఆ బాధ దాదాపు ఆరు గంటలు సాగింది.

నేటి విద్యార్థులు ఆ అక్షరాలను తొక్కరు. తొక్కితే పరీక్ష తప్పుతుందని వారిలో ఒక నమ్మకం. పొరబాటున తొక్కినవారు మే నెల 1వ తేదీ తెల్లవారుజామున చన్నీటి సముద్రంలో మునిగితే దోషం పోతుందట! ఇది పిల్లల సరదాయే. అయినా దాదాపు అయిదువందల ఏళ్ళ తర్వాత కూడా ఒక హతసాక్షి పేరు దగ్గర యౌవనస్థుల అడుగు పక్కకు తప్పుకుంటున్నది.

కోట కిటికీలు

సముద్రపు ఒడ్డున కొండరాతి మీద పాత కోట ఉంది. ఇది ఒకప్పుడు ఆర్చిబిషప్పుల నివాసం. 1546 మార్చి 1న జార్జ్ విషార్ట్ అనే సువార్తికుణ్ణి ఈ కోట ఎదుట దహనం చేశారు. కార్డినల్ బీటన్ ఆ దృశ్యాన్ని కోట కిటికీలోనుండి చూశాడని చెబుతారు. మూడు నెలలు తిరగకముందే, మే 29న, ప్రొటెస్టెంట్ పక్షంవారు కొందరు కోటలో పనిచేసే తాపీ మేస్త్రీల మధ్య దూరి లోపలికి వెళ్ళి కార్డినల్‌ను చంపి, శవాన్ని అందరూ చూచేలా వ్రేలాడదీశారు.

చంపినవారు కోటను పట్టుకొని కూర్చున్నారు. బయటి సైన్యం వారిని పట్టుకోవడానికి భూమి కింద సొరంగం తవ్వింది. లోపలివారు దానికి ఎదురు సొరంగం తవ్వారు. ఆ రెండూ నేటికీ ఉన్నాయి. సందర్శకులు నడుము వంచి అందులోకి దిగవచ్చు. రాతిలో తొలిచిన సీసా ఆకారపు చెర కూడా ఉంది. పై మూతి సన్నం, లోపల వెడల్పు. అందులో పడినవాడు తనంతట తాను ఎక్కి రాలేడు. 1547లో కోట ఫ్రెంచివారికి లొంగినప్పుడు అక్కడున్న జాన్ నాక్స్‌ను పట్టుకుపోయారు. ఆయన 19 నెలలు ఓడలో తెడ్డు లాగే బానిసగా ఉన్నాడు.

కోటకు కొంత దూరంలో హతసాక్షుల స్తంభం ఉంది. 1842లో నిలిపిన ఈ స్తంభం మీద హామిల్టన్, ఫారెస్ట్, విషార్ట్, మిల్ అనే నలుగురి పేర్లు చెక్కారు. వీరిలో వాల్టర్ మిల్ ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధుడు. ఆయనను 1558లో దహనం చేశారు. ఈ స్తంభం దగ్గర తల వంచుకొని నిలబడడం ప్రొటెస్టెంట్ విశ్వాసులకు సహజమే. కాని మన వారిని కాల్చిన స్థలంతోపాటు మన వారు చంపిన స్థలాన్ని కూడా చూసి రావడం న్యాయం. కోటకు రెండు గోడలున్నట్టే ఆ చరిత్రకు రెండు పక్షాలున్నాయి. రెండు పక్షాలవారూ ప్రభువు పేరే చెప్పారు.

ఇసుక, గడ్డి, ఆదివారం

ఇప్పుడు పడమటి వైపు నడుద్దాం. వెస్ట్ సాండ్స్ అనే ఇసుక తీరం సుమారు 3 కిలోమీటర్ల పొడవున ఉంది. 1981లో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో క్రీడాకారులు నీటి అంచున పరుగెత్తే దృశ్యాన్ని ఇక్కడే తీశారు. ఆ కథలోని ఎరిక్ లిడ్డెల్ మిషనరీ తల్లిదండ్రులకు చైనాలో పుట్టినవాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పోటీ ఆదివారం పడినందున పరుగెత్తనన్నాడు. మరోరోజు 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం పొందాడు. తర్వాత మిషనరీగా చైనాకు తిరిగి వెళ్ళి, 1945లో జపానువారి నిర్బంధ శిబిరంలో కన్నుమూశాడు.

ఇసుకకు ఆనుకొని ఉన్న గడ్డినేల లోకప్రసిద్ధమైన ఓల్డ్ కోర్స్ గోల్ఫ్ మైదానం. 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు గోల్ఫ్‌ను నిషేధించింది. యువకులు విలువిద్య మాని బంతి వెంట పడుతున్నారని దాని ఫిర్యాదు! ఆటకు 18 గుంటలు అనే లెక్క 1764లో ఇక్కడినుండే వచ్చింది. పెద్ద పోటీలప్పుడు తప్ప, ఆదివారం ఈ మైదానంలో సాధారణంగా ఆట ఉండదు. ఊరివారు పిల్లాపాపలతో దానిమీద తిరుగుతారు. కాసులు కురిపించే నేల కూడా వారానికొక రోజు ఊరందరిదీ అవుతున్నది. కళాశాల జరిగే కాలంలో విద్యార్థులు ఆదివారం ఆరాధన ముగించి, ఎర్రని అంగీలు ధరించి, రేవుగోడ మీద వరుసగా నడిచే ఆచారం కూడా చూడదగినది.

ఆకలి వేస్తే చేపముక్క తినవచ్చు. మన బజ్జీలాగే పిండిలో ముంచి వేయించి, బంగాళాదుంప ముక్కలతో పొట్లం కట్టి ఇస్తారు. ఆరుబయట తినేవారు తలమీద ఎగిరే సముద్రపు పక్షులను కనిపెట్టుకొని ఉండాలి. కాకి వడను ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోతాయి.

మద్రాసు పేరుగల బడి

చివరిగా సౌత్ స్ట్రీట్‌లో ఒక పాత రాతికట్టడం ముందు ఆగుదాం. దాని పేరు మద్రాస్ కాలేజి! ఇది పట్టణపు పిల్లల ఉన్నత పాఠశాల. 2021లో బడి ఊరి అంచున కొత్త భవనానికి మారింది. పేరు మారలేదు.

ఆండ్రూ బెల్ అనే అతడు 1753లో ఈ ఊరిలో ఒక మంగలి ఇంట పుట్టి, పాదిరిగా మన దేశానికి వచ్చి, 1789లో మద్రాసు ఎగ్మోర్‌లోని మగపిల్లల అనాథాశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు స్థానిక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. పలకలు, కాగితాలు కొననక్కరలేని చదువు! తన ఆశ్రమంలో దానిని ప్రవేశపెట్టబోతే ఉపాధ్యాయులు ఇష్టపడలేదు. అప్పుడాయన ఒక ఎనిమిదేళ్ళ బాలుణ్ణి పిలిచి, చిన్నపిల్లలకు నీవే దిద్దించమన్నాడు. ఆ బాలుడు చక్కగా నేర్పాడు. పెద్దపిల్లలు చిన్నవారికి నేర్పే ఈ పద్ధతిని ఆయన 1797లో పుస్తకంగా ప్రచురించాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లండులో వేలాది బీదపిల్లలకు చదువు చెప్పింది. 1832లో మరణించిన బెల్ తన ధనాన్ని బడులకే వ్రాశాడు. ఆ ధనంతో కట్టినదే ఈ పాఠశాల.

మన ముత్తాతలు వీధి అరుగుల మీద అలాగే ఇసుకలో దిద్దినవారే. ఆనాడు మద్రాసులో ఆ పిల్లలచేత దిద్దించిన పంతులుగారి పేరు ఎక్కడా చెక్కలేదు. ఆయన నేర్పినది మాత్రం సముద్రాలు దాటింది.

ప్రియులారా, ఆ ఊరిలో నిప్పు రాజేసినవారు, సుత్తి ఎత్తినవారు శిథిలాలను మిగిల్చారు. ఒక పిల్లవాని పక్కన కూర్చొని అక్షరం దిద్దించినవారు ఒక బడిని మిగిల్చారు. మన ప్రభువు కూడా ఒకసారి, రాళ్ళు పట్టుకొని వచ్చినవారి ఎదుట వంగి నేలమీద వ్రేలితో వ్రాశాడు. ఆ దినాన ఎవరూ రాయి విసరలేదు. సంఘాలు రెండుగా చీలి, దేవాలయపు తాళంచెవుల కోసం కోర్టులకెక్కుతున్న మన గ్రామాల్లో ఈ సంగతి ఆలోచించదగినది.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో పటం తెరచి సెయింట్ ఆండ్రూస్ ఎక్కడున్నదో పిల్లలకు చూపించండి. మీ వీధిలో చదువురాని ఒక్కరికి అక్షరాలు దిద్దించగలవారెవరో అదే రాత్రి ఇంట్లో మాట్లాడుకోండి.