సారమేయానికి సూదిమందు

నన్నయభట్టు ఆంధ్ర మహాభారతంలో కథ ఆరంభమైన కొద్దిసేపటికే మనకు ఎదురయ్యేది ఒక కుక్కపిల్ల. జనమేజయుడి యాగశాల వద్దకు ఆడుకుంటూ వచ్చిన సారమేయుణ్ణి రాజసోదరులు నిష్కారణంగా కొట్టగా, తల్లి సరమ రాజసన్నిధికి వచ్చి న్యాయం అడుగుతుంది. ఆ మహేతిహాసం ముగింపులో ధర్మరాజు తన వెంట నడచివచ్చిన కుక్కను విడిచి స్వర్గరథం ఎక్కనంటాడు. ఇంతటి గౌరవం ఇచ్చిన వాఙ్మయం చేతిలో ఉండి కూడా, నిత్యవ్యవహారంలో మనకు కుక్క అంటే తిట్టు. 'కుక్కకాటుకు చెప్పుదెబ్బ' అన్న సామెత.

ప్రవాసాంధ్ర కుటుంబాలలో ఈ వైరుధ్యం మరొక రూపంలో కనిపిస్తున్నది. ఇక్కడ పెరిగిన పిల్లలకు కుక్క ఇంటిలో మనిషి. వేసవి సెలవులకు గుంటూరో వరంగల్లో వెళ్ళినపుడు, గజ్జి పట్టి, కాలు విరిగి, చెత్తకుండీ వద్ద పడి ఉన్న కుక్కను చూచి వారు కన్నీళ్ళు పెట్టుకుంటారు. "మనతో తీసుకుపోదాం నాన్నా" అంటారు. తాతగారు కర్ర పుచ్చుకొని "దూరం, దూరం" అంటారు. ఇద్దరిలో ఎవరిది సరి అని నన్నడిగిన మిత్రులు చాలామంది ఉన్నారు. తాతగారి భయానికి బలమైన శాస్త్రీయాధారం ఉన్నది. పిల్లల దయ కూడా సరైనదే. అయితే ఆ భయం కర్రతో తీరేది కాదు, ఈ దయ విమానం టిక్కెట్టుతో నెరవేరేది కాదు. రెండింటికీ దారి పశువైద్యశాల గుమ్మం గుండానే ఉన్నదని నా అభిప్రాయం.

మొదట భయం సంగతి. ప్రపంచం మొత్తం మీద రేబిస్ వ్యాధితో ఏటా సుమారు 59,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 పాళ్ళు కుక్కకాటు వల్లనే. భారతదేశంలో మృతుల సంఖ్య 18,000 నుండి 20,000 వరకు ఉంటుందని చాలాకాలంగా చెబుతూ వచ్చారు. 2024లో లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో వెలువడిన సర్వే దానిని సుమారు 5,700గా లెక్కగట్టింది. లెక్క తగ్గినందుకు సంతోషించవచ్చు గాని, లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎవరినీ బ్రతకనివ్వని వ్యాధి ఇది. అందులోనూ ఎక్కువగా పోయేది పేదవారి పిల్లలు.

మా తరంవారికి కుక్కకాటు అనగానే బొడ్డుచుట్టూ పొడిచే పద్నాలుగు సూదులు గుర్తుకువస్తాయి. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకా అది. వైరస్ ఎక్కించిన గొర్రె మెదడును నూరి, ఫినాల్‌తో, అనగా మన ఇళ్ళలో వాడే కార్బాలిక్ ఆమ్లంతో, వైరస్‌ను నిర్జీవం చేసి ఇచ్చేవారు. రసాయనశాస్త్రం దృష్ట్యా అతి మొరటు పద్ధతి. గొర్రె మెదడులోని మైలిన్ అనే పదార్థం కూడా సూదితోపాటు లోనికి పోయేది; దానిపై శరీరం తిరుగుబాటు చేయగా కొందరికి పక్షవాతం వచ్చేది. ఈ టీకా తయారీని భారతదేశం నిలిపివేసింది 2004 చివరలో. కణవర్ధనం ద్వారా తయారయ్యే నేటి టీకాలు బొడ్డుకు కాదు, భుజానికి ఇస్తారు. హైదరాబాదులోనే అవి తయారవుతున్నాయి. కనుక పాత సూదుల భయంతో వైద్యం మానుకోవడానికి నేడు కారణమే లేదు.

ఇంకొక మాట, సెలవులకు వెళ్ళేవారు గుర్తుంచుకోవలసినది. కాటు పడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. ఇది అమ్మమ్మ చిట్కా కాదు. రేబిస్ వైరస్‌ను చుట్టి కొవ్వుపొర ఒకటి ఉంటుంది. సబ్బు అణువు ఆ పొరను చీల్చివేస్తుంది. పసుపు, కారం, సున్నం పూసి కట్టుకట్టడం మాత్రం అపాయకరం. కడిగిన పిమ్మట టీకాకు, వైద్యుడు అవసరమంటే గాయంలో ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌కు ఆలస్యం చేయరాదు.

అమెరికాలో వీధికుక్కలు లేవు గదా, వీరికి ఇది ఎలా సాధ్యమైంది అని మనవారు ఆశ్చర్యపడుతుంటారు. ఈ దేశం పుట్టుకతో కరుణామయం కాదు. 19వ శతాబ్దపు న్యూయార్కులో పట్టుబడిన కుక్కలను ఇనుపబోనులో పెట్టి ఈస్ట్ నదిలో ముంచి చంపేవారు. 1866లో హెన్రీ బెర్గ్ జంతుహింసా నివారణ సంఘాన్ని స్థాపించాడు. 1869లో ఫిలడెల్ఫియా మహిళలు దిక్కులేని కుక్కలకు తొలి శరణాలయం తెరిచారు. 1947 తరువాత దేశవ్యాప్తంగా కుక్కలకు టీకాలు, లైసెన్సులు వచ్చాయి. 1988లో దక్షిణ టెక్సస్‌లో కాయొటీ నక్కల నుండి కుక్కలకు రేబిస్ పాకినపుడు, 1995 నుండి విమానాల ద్వారా టీకా నింపిన ఎరలను అడవులపై చల్లారు. కుక్కల రేబిస్ రకం దేశం నుండి పూర్తిగా తొలగిపోయినట్లు ప్రకటించింది 2007లో. గబ్బిలాలలో, రకూన్లలో, స్కంకులలో వ్యాధి ఇప్పటికీ ఉన్నది. అరవై సంవత్సరాల శ్రమ ఇది. ఆ శ్రమలో శరణాలయాలలో ప్రాణం తీసిన లక్షలాది కుక్కల సంగతి కూడా మరువరానిది. అమెరికాను ఆదర్శంగా చూపేవారు ఆ భాగాన్ని సాధారణంగా దాటవేస్తారు.

ఇంత కష్టపడి తుడిచివేసిన వ్యాధిని తిరిగి రానివ్వకుండా ఈ ప్రభుత్వం జాగ్రత్తపడటంలో వింత లేదు. 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుండి 33 కుక్కలు షికాగో విమానాశ్రయంలో దిగాయి. పత్రాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. పెన్సిల్వేనియాలో ఒక కుటుంబానికి చేరిన కుక్కకు కొద్దిదినాలలోనే రేబిస్ బయటపడింది. మరుసటి నెలలో, అపాయం అధికంగా ఉన్న దేశాల నుండి కుక్కల రాకను తాత్కాలికంగా నిలిపివేశారు. ఆ జాబితాలో భారతదేశం ఉన్నది. 2024 ఆగస్టు 1 నుండి కొత్త నియమావళి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కుక్కకు కనీసం ఆరు నెలల వయస్సు ఉండాలి, చర్మం క్రింద మైక్రోచిప్ ఉండాలి. మన దేశంలో టీకా వేయించిన కుక్కైతే ఆమోదం పొందిన ప్రయోగశాలలో రక్తపరీక్ష చేయించాలి లేదా 28 దినాలు నిర్బంధంలో ఉంచాలి. నిర్ణీత విమానాశ్రయంలోనే దింపాలి. ఖర్చు వేల డాలర్లలో తేలుతుంది.

తెనాలి వీధిలో దొరికిన ఒక్క కుక్కపిల్లను డాలసుకు చేర్చే ఆ డబ్బుతో తెనాలిలోనే ఎన్ని కుక్కలకు టీకాలు, శస్త్రచికిత్సలు చేయించవచ్చునో పిల్లలను కూర్చోబెట్టి లెక్కవేయించండి. లెక్క చూచిన పిల్లలు మొండిపట్టు పట్టరు. పెద్దలకంటె వారికి న్యాయబుద్ధి ఎక్కువ.

అమెరికాలో దిక్కులేని కుక్కలు లేవనుకోవడం కూడా భ్రమ. దక్షిణ రాష్ట్రాలలో శరణాలయాలు కిక్కిరిసి ఉంటాయి. మేము హ్యూస్టన్ సమీపంలో ఉంటున్నాము. కొన్ని సంవత్సరాల క్రితం ఒక తుఫాను రాత్రి తరువాత మా వీధిలోకి కందిపప్పు రంగు కుక్క ఒకటి వచ్చి చేరింది. మా ఆవిడ దూరం నుండే అన్నం పెట్టింది. మా అమ్మాయి రెండు దినాలలో పేరు పెట్టింది. మూడవనాడు పశువైద్యురాలి వద్దకు తీసుకుపోయాము. ఆమె మొదట ఒక చిన్న పరికరంతో భుజాల మధ్య వెదకింది. మైక్రోచిప్ అంటే బియ్యపుగింజంత గాజుగొట్టం. అందులో బ్యాటరీ లేదు, పరికరం పంపే రేడియో తరంగాలతోనే మేల్కొని తన 15 అంకెల సంఖ్యను తెలుపుతుంది. కుక్క ఎక్కడున్నదో ఇంటి నుండి కనిపెట్టగలదని మనవారిలో కొందరి నమ్మకం. అది నిజం కాదు. మా కుక్కకు చిప్ లేదు. యజమాని ఎవరైనా వెదకుతున్నారేమోనని చట్టప్రకారం కౌంటీ శరణాలయానికి తెలియజేసి, గడువు ముగిసేదాకా ఆగాము. ఈ పని తప్పక చేయాలి. దొరికిన కుక్క మనది కాదు, ఎవరో ఒక పిల్లవాడు దానికోసం ఏడుస్తుండవచ్చు.

రక్తపరీక్షలో హృదయక్రిమి ఉన్నట్లు తేలింది. దోమకాటు ద్వారా ప్రవేశించి, గుండెలోను ఊపిరితిత్తుల ధమనులలోను దారపుపోగులవలె పెరిగే పురుగు ఇది. దీనికి మందు మెలార్సొమీన్ అనే ఆర్సెనిక్ సమ్మేళనం. ఆర్సెనిక్ అంటే మన పాషాణమే. ఆ విషాన్ని అణువులో ఎక్కడ, ఎట్లా కట్టివేయాలో తెలిస్తే అది ఔషధమవుతుంది. ముందు ఒక నెల డాక్సీసైక్లిన్ ఇచ్చారు. పురుగు లోపల కాపురముండే వొల్బాకియా అనే బాక్టీరియాను అది చంపి పురుగును బలహీనపరుస్తుంది. పిమ్మట నడుము కండరంలో మూడు సూదులు. చచ్చిన పురుగు ముక్కలు ఊపిరితిత్తులలో అడ్డుపడతాయి గనుక, నెలల తరబడి కుక్కను పరుగెత్తనివ్వరాదు. ఖర్చు వేయి డాలర్లు దాటింది. నెలకొక మాత్రతో నివారించగలిగే జబ్బుకు ఇంత!

ఆ మాత్ర చరిత్రలో తెలుగువాడి చేయి ఉన్నదని ఎందరికి తెలుసు? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధిపతిగా ఉన్నపుడు, ఆయన బృందం 1947లో హెట్రజాన్ అనే మందును వెలువరించింది. గోదావరి జిల్లాలవారు బోదకాలు మందుగా ఎరిగినది ఇదే. బోదకాలు పురుగు, కుక్క గుండెపురుగు దూరపు బంధువులు. 1987లో నెలకొకసారి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ వచ్చేవరకు, అమెరికా కుక్కలను దశాబ్దాలపాటు హృదయక్రిమి నుండి కాపాడినది దినదినం ఇచ్చే ఆ మందే. మా కుక్కకు ఇచ్చిన డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో తొలి ఔషధమైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది కూడా ఆ ప్రయోగశాల నుండే. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూశారు.

వైద్యశాల నుండి తెచ్చిన కుక్కను మన వంటింటి నుండి కూడా కాపాడుకోవాలి. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్రరక్తకణాలను పగులగొడతాయి. చక్కెరపొంగలిలోని ఎండుద్రాక్ష మూత్రపిండాలను చెడగొట్టగలదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే అందుకు కారణమని 2021 నుండి పశువైద్యులు అనుమానిస్తున్నారు. ఆ ఆమ్లమే మన చింతపండులో సమృద్ధిగా ఉన్నది. చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కల ఉదంతాలు కూడా నమోదైనాయి. మిగిలిన పులిహోర ప్రేమతో పెట్టే అమ్మమ్మలకు నా మనవి: పెరుగన్నం పెట్టండి. మనకు వేసుకునే ఐబుప్రొఫెన్ మాత్రను కుంటుతున్న కుక్కకు వేయకండి.

ఇక ఆంధ్రదేశం. హైదరాబాదులో అమల అక్కినేనిగారు 1992లో బ్లూక్రాస్‌ను స్థాపించారు. విశాఖపట్నంలో 1996 నుండి జంతు సంరక్షణ సంఘం పనిచేస్తున్నది. కుక్కను పట్టి, సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, గుర్తుగా చెవికొన కత్తిరించి, పట్టిన చోటనే విడువాలని 2001లో కేంద్రప్రభుత్వం నిబంధనలు చేసింది. 2023లో వాటిని సవరించింది. పట్టిన చోటనే విడవడం ఏమి న్యాయమని చాలామంది అడుగుతారు. తిండి, చెత్త అక్కడే ఉన్నంతకాలం ఒక కుక్కను తీసివేస్తే దాని స్థానంలోకి టీకా లేని మరొక కుక్క వస్తుంది. నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే వ్యాధి గొలుసు తెగుతుంది. గోవాలో ఏటా ఇంచుమించు లక్ష కుక్కలకు టీకాలు వేయగా ఆ రాష్ట్రం 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించబడింది.

దీనికి ఎదురువాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుణ్ణి వీధికుక్కలు చంపివేశాయి. ఆ తండ్రి ముందు నిలిచి జీవకారుణ్యం గురించి ఉపన్యసించగలవారెవరు? 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు కుక్కలన్నిటినీ శరణాలయాలకు తరలించమన్నది. 22న ఆ ఉత్తర్వును సవరించి, వ్యాధిగ్రస్తమైనవి, క్రూరమైనవి తప్ప తక్కినవాటిని టీకా వేసి విడువవచ్చునన్నది. మనుషులమీద పడే కుక్కను వీధిలో ఉంచరాదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కాని నిబంధనలు విఫలమైనాయనేవారు, వాటిని ఎన్ని పురపాలక సంఘాలు నిజంగా అమలుచేశాయో ముందుగా చూడాలి. సగం వాడి మానేసిన మందును పనిచేయలేదని నిందించరాదు.

స్వగ్రామంలో బడికి, గుడికి, బస్సుస్టాండుకు మనవారు ఉదారంగా ధనసహాయం చేస్తున్నారు. పశువైద్యశాలకు ఇచ్చినవారి పేరు నేను ఇంతవరకు ఏ శిలాఫలకం మీదా చూడలేదు. రేబిస్ టీకాను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలువ ఉంచాలి. వేసవిలో కరెంటు పోయే ఊరిలో ఇది చిన్న సమస్య కాదు. మంచి శీతలపేటిక ఒకటి, కుక్కలను పట్టడంలో తర్ఫీదు పొందిన ఇద్దరు మనుషులకు ఏడాది జీతం, వారికి ముందుగా వేయించవలసిన టీకాలు, ఒక ఆటో: ఒక మండలానికి మొదట కావలసినవి ఇవి. ఈ వేసవిలో ఊరికి వెళ్ళేవారు అక్కడి పశువైద్యుణ్ణి ఒకసారి కలిసి, ఆయన శీతలపేటిక పనిచేస్తున్నదో లేదో అడిగి రండి.