కథ చెప్పే గొంతూ సీమదే కావాలి

కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయినవాళ్ల ఎడబాటు గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. ఊరు కదలకుండానే పరాయితనం అనుభవించేవాళ్ల గురించి మాత్రం మాట్లాడం. బద్వేలు పిల్లవాడు ఇంట్లో ‘వచ్చాండా’ అంటాడు, బడిలో ‘వస్తున్నాను’ అని రాస్తాడు. ఆ రెండోది నేర్పడం బడి బాధ్యతే. దాంతోపాటు మొదటిది మోటు మాట అన్న సిగ్గు కూడా వాడి మనసులో నాటుకుంటోంది, అన్యాయమంతా అక్కడుంది. రాయలసీమ తెలుగుకు పాఠ్యపుస్తకంలో, పత్రికలో కథను నడిపించే భాషగా చోటు దక్కాలి. పాత్రల నోట నాలుగు మాటలు పలికిస్తే సరిపోదు.

గిడుగు రామమూర్తి పోరాటంతో వాడుక భాష గెలిచింది. అయితే ఆ గెలుపు ఫలం అందరికీ సమానంగా అందలేదు. కృష్ణా, గోదావరి ప్రాంతాల చదువుకున్నవారి వాడుకే క్రమంగా ప్రమాణమై కూర్చుంది, మిగిలినవన్నీ యాసలయ్యాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం ఇందుకు భిన్నమైన దారి చూపింది. సేద్యగాళ్ల నోటి నుంచి పనిముట్ల పేర్లు సేకరించి, ఏ మాట ఎక్కడ పలుకుతారో పక్కనే రాశారు. ఒకే పనిముట్టుకు నాలుగు ప్రాంతాల్లో నాలుగు పేర్లుంటే నాలుగూ తెలుగే అని ఆ పుస్తకం ఒప్పుకుంది. మన బడి ఇంకా ఒప్పుకోలేదు.

సాహిత్యంలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. చాలా కథల్లో రచయిత ప్రమాణ భాషలో చెప్పుకుపోతాడు, పేదవాడు మాత్రమే యాసలో మాట్లాడతాడు. అంటే చూసేవాడి భాష ఒకటి, చూడబడేవాడి భాష మరొకటి. ఫ్యాక్షన్ సినిమాలు దీన్ని ఇంకా దిగజార్చి, సీమ మాటను కత్తి పట్టినవాడికి కట్టబెట్టాయి. రచయిత నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో చిత్తూరు పల్లె పిల్లవాడి మాటతోనే కథంతా నడిపి ఆ గోడ పగలగొట్టారు. మన కడప జిల్లా రచయిత వేంపల్లి గంగాధర్ ‘మొలకల పున్నమి’కి 2011లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మన జిల్లావారే అయిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’లో ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రాడు కరువు కాలంలో గొర్రెల వెంట నల్లమలకు పోతాడు. ఆ నవల 2019లో తానా బహుమతి పొందింది, 2021లో సినిమాగా వచ్చింది. ఇన్ని జరిగినా ఈ రచనలు మినహాయింపులుగానే మిగిలిపోతున్నాయి.

స్పెయిన్‌లోని బాస్క్ జాతి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. నియంత ఫ్రాంకో పాలనలో వాళ్ల భాషను బడికి, కార్యాలయానికి దూరం చేశారు. 1968లో పండితులు కూడి ఉమ్మడి లిఖిత రూపానికి పునాది వేశారు. 1979లో బాస్క్ ప్రాంతంలో ఆ భాష స్పానిష్‌తో పాటు అధికార భాష అయింది, 1982 చట్టంతో బడిలో నిలదొక్కుకుంది. బెర్నార్డో అచాగా 1988లో బాస్క్ భాషలో రాసిన ‘ఒబాబకోఆక్’ మరుసటి ఏడాదే స్పెయిన్ జాతీయ బహుమతి గెలిచి ప్రపంచమంతా తిరిగింది. వాళ్లది వేరే భాష, మనది ఒకే భాషలోని పలుకుబడి, కాబట్టి రెండూ ఒకటి కావు. అయినా బడిలో చోటు దొరికిన మాటకే కొత్త పాఠకులు పుడతారన్న సంగతి ఇద్దరికీ వర్తిస్తుంది.

ఎవరి యాసలో వాళ్లు రాస్తే పక్క జిల్లావాడికి అర్థం కాదని కొందరి వాదన. గోదావరి నుడికారాన్ని సీమవాళ్లు దశాబ్దాలుగా చదివి ఆనందిస్తూనే ఉన్నారు, ఆ శ్రమ ఒకవైపే ఎందుకుండాలి? భాష చీలిపోతుందని మరికొందరి భయం. బాస్క్‌వాళ్లు ఉమ్మడి రూపం కట్టుకున్నాక కూడా ఊరి మాండలికాలు ఇళ్లలో బతికే ఉన్నాయి. వార్తకూ పరీక్షకూ ఉమ్మడి భాష ఉండనీ, కాదనేవారు లేరు. సీమలోనే మాట ఒక తీరుగా లేదు కదా, బద్వేలులో నెల్లూరు పలుకు కలుస్తుంది కదా అంటారు ఇంకొందరు. నిజమే. అందుకే ఏదో ఒకదాన్ని ‘అసలు సీమ భాష’గా నిలబెట్టడం కూడా తప్పే అవుతుంది.

కావలసినవి పెద్ద పనులేమీ కావు. ప్రతి తరగతి తెలుగు వాచకంలో ఉత్తరాంధ్ర, కోస్తా, సీమ పలుకుబడులతో నడిచే కథలు కనీసం ఒక్కొక్కటి ఉండాలి. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గొర్రెల కాపరుల మాటలు, మగ్గం మాటలు, చెరువు కింద సేద్యపు మాటలు పెద్దల నోట ఉండగానే రికార్డు చేయాలి. పత్రికలు సీమ రచయిత కథను దిద్దేముందు అతన్ని అడగాలి. ఇంటి మాటలో రాసిన కథ తన వాచకంలో కనిపించిన పిల్లవాడు ప్రమాణ భాషనూ భయం లేకుండా నేర్చుకుంటాడు, రేపు తన కథ తానే రాసుకుంటాడు.