జాతర లేని కొత్తమావాస్య

కొత్తమావాస్య దగ్గర పడింది. అనకాపల్లి గవరపాలెంలో నూకాలమ్మ గుడి చుట్టూ కొట్లు లేస్తున్నాయి. ఉగాది ముందురోజు మొదలై నెలంతా సాగే జాతర అది. దానికని పట్నం నుంచి దిగే చుట్టాలు ఏటా ఓ మాట కూడా వెంట తెస్తారు: "కరోనాలో మీ పల్లెలే నయమండీ! మంచి గాలి, మంచి తిండి, ఏ బెంగా లేదు." ఈ వారం ఆ మాట మళ్లీ వినబడింది. విన్నవాళ్లు మర్యాదకి తలూపారు.

తలూపాల్సిన పనిలేదు. జాతర లేని 2020లో కొత్తమావాస్య మార్చి 24న పడింది. ఆ రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనిపించి, అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. తెల్లారితే ఉగాది. పచ్చడికి వేపపూత దొరికింది, మామిడికాయ దొరికింది. ఇక బెల్లమంటారా, దాన్ని వండే ఊళ్లకు అది సీజను చివర, అక్కడ దాని గురించే దిగులు. చెరకు గానుగెక్కాలి, పెనంలో పాకం తేలాలి, దిమ్మ కట్టాలి, మార్కెట్లో వేలం జరగాలి, లారీ కదలాలి. ఇందులో ఒకటి ఆగితే మిగతావన్నీ ఆగినట్టే. నరికిన చెరకు నాలుగు రోజులు పడుంటే రసం తగ్గిపోతుంది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో చక్కబెట్టే పనా అది?

పల్లెలు తమకు తెలిసిన వైద్యం చేసుకున్నాయి. తెలుగు నాట ఎన్నో ఊళ్లు దారికి అడ్డంగా తుమ్మకంప పడేసి, పైవాళ్లు రావద్దని అట్టముక్క మీద రాసి కట్టాయి. మొదటి ఏడాది ఆ కంప కొంత కాచింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన రెండో విడతను ఏ కంపా ఆపలేదు.

అప్పుడు ఊళ్లో వైద్యమంటే ఆర్ఎంపీయే. నులక మంచం, దూలానికి మేకు, మేకుకు వేలాడే సెలైన్ సీసా. పరీక్ష చేయించాలంటే ఆటో కట్టించుకుని వెళ్లాలి, ఫలితం కోసం ఎదురుచూడాలి. ఈలోగా మనిషి పోతే, "జ్వరం వచ్చి పోయాడు" అన్నారు. ఆ జ్వరం ఏ బులెటిన్‌లోకీ ఎక్కలేదు. 2020, 2021 రెండేళ్లలో కరోనా మరణాలు 4.8 లక్షలని మన ప్రభుత్వం లెక్క చెబితే, నేరుగానూ పరోక్షంగానూ పోయినవాళ్లు కలిపి దాదాపు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఢిల్లీ ఆ అంచనాను ఒప్పుకోలేదు. సరే, అందులో సగమే నిజమనుకున్నా, తేడా ఎక్కడికి పోయింది? కొంతైనా ఈ జ్వరాల్లోకే. తర్వాత బాధిత కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారమన్నారు. జ్వరానికి కాగితం ఎవరిస్తారు?

ఆసుపత్రుల్లో లోటు గురించి చెప్పబోయినవాళ్లు లేకపోలేదు. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ 2020 ఏప్రిల్‌లో మాస్కులు లేవని పైకి అన్నారు. వచ్చింది సస్పెన్షన్. మే 16న విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టిన వీడియో రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, ఆయన గుండెపోటుతో పోయారు.

మాస్కులకు కటకటగా ఉన్న ఆ రోజుల్లోనే మద్యం షాపులకు మాత్రం ఏ లోటూ రాలేదు. 2020 మే 4న తలుపులు తీశారు. ధర మొదట 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం పెంచినా క్యూ తగ్గలేదు. ఆ క్యూలు సర్దడానికి విశాఖ జిల్లాలో బడిపంతుళ్లను నిలబెట్టారు. బడులు మూతబడ్డాయి కదా, పంతుళ్లు ఖాళీయేనని లెక్క కాబోలు! పాఠాలేమో టీవీలోని సప్తగిరి ఛానెల్‌కి అప్పజెప్పారు.

మరి ఆ తర్వాతైనా ఇక్కడ వైద్యం దగ్గరైందా? 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా అయింది. అదే ఏడాది డిసెంబరు 30న నర్సీపట్నం దగ్గర మెడికల్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. దాన్ని సర్కారు నడపాలా, ప్రైవేటుతో కలిసి నడపాలా అని ఇప్పుడు పార్టీలు కొట్టుకుంటున్నాయి. వాళ్లు తేల్చుకునేలోగా చోడవరంలో ఒంట్లో బాగా లేనివాడు విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే బండి కట్టించుకుంటున్నాడు.

జాతరకొచ్చే చుట్టాలకు ఒక్క మనవి. అమ్మవారి దర్శనం అయ్యాక, సొంతూరి పంచాయతీ ఆఫీసుకు వెళ్లి మరణాల రిజిస్టరు అడగండి. 2021 మే నెల పేజీలు తిప్పండి. ఆ పేర్లలో ఎన్ని మీకు తెలిసినవో లెక్కపెట్టుకుని, ఆ తర్వాత బస్సెక్కండి.